ఇంటి కార్ఖానా, దాని హక్కులు

హైదరాబాదులో ‘ఉస్తాద్’ అనే మాట రెండు చోట్ల వినిపిస్తుంది. మదరసాలో విద్యార్థులు తమ గురువును అలా పిలుస్తారు. మోటారు కార్ఖానాలో చేతులకు నల్లటి గ్రీజు అంటిన పెద్ద మెకానిక్‌ను కుర్రవాళ్లు కూడా అలాగే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా మేము మొదటి అర్థంలో ఉస్తాదులము. రెండవ అర్థంలో ఆ మాటకున్న విలువ మాత్రం మా ఇంటి కింద ఒక చిన్న కార్ఖానా మొదలైన తరువాతనే మాకు తెలిసివచ్చింది.

మేము ఉండేది మాదాపూర్‌లో. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఇది రాళ్ల గుట్టల నడుమ ఉన్న ఊరు. 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా మెట్రో రైలు వచ్చేసరికి ఆ గుట్టల్లో చాలా వాటి జాడ కూడా మిగలలేదు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకొని పంక్చర్లు, ఇంజన్లు చూసిన మిస్త్రీలు అద్దెలు భరించలేక ఒక్కొక్కరే దూరంగా తరలిపోయారు. వారి స్థానంలో అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే మన బిడ్డల్లో చాలామందికి బండి చైను బిగించడం రాదు.

అయితే ఈ మధ్య ఒక మంచి మార్పు కనబడుతున్నది. వారమంతా తెర ముందు గడిపిన యువకులు ఆదివారం నాడు ఇంటి కింద సొంత బండి విప్పుకొని, తుడిచి, బిగించుకోవాలని ఉత్సాహపడుతున్నారు. చేతిపని నేర్చుకోవడం గొప్ప విషయమే. ప్రవక్త దావూద్ (అలైహిస్సలాం) చేతిలో ఇనుము మెత్తబడిందని, ఆయన కవచాలు తయారుచేసేవారని మనం పిల్లలకు పాఠం చెబుతాము. కానీ ఇంటి కింద కార్ఖానా పెట్టేటప్పుడు పనిముట్ల జాబితాకన్నా ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అవి మాకు తెలియక ఒక రాత్రి మా బిడ్డను పోగొట్టుకోబోయాము. ఆ అనుభవాన్ని దాచుకోకుండా పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అన్నగారి స్కూటరు

మా అన్నగారికి ఒక బజాజ్ చేతక్ ఉండేది. 1972లో మార్కెట్లోకి వచ్చి రెండు మూడు తరాల కుటుంబాలను మోసిన స్కూటరు అది. అన్నగారు 1994లో కొన్నారు. ముందు కొడుకు నిలబడేవాడు, వెనక వదినగారు కూతురిని ఒళ్లో పెట్టుకొని కూర్చునేవారు. ఆయన కాలం చేసిన తరువాత ఏడేళ్ల పాటు అది టార్పాలిన్ కప్పుకొని అలాగే ఉండిపోయింది.

అన్నగారి కొడుకు ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. “చాచా, అబ్బా బండిని నా చేతులతో నేనే నడిపిస్తాను. కింది షట్టరు గది ఇస్తారా?” అని అడిగాడు. ఒక కారు పట్టేంత గది అది. పాత సామాను తీయించి సంతోషంగా తాళం చేతికిచ్చాము. వారం తిరగకుండానే ఎర్రటి పెట్టెలో మెరిసే పనిముట్లు ఇంటికి వచ్చాయి. రెండు నెలల పాటు సెలవు దొరికినప్పుడల్లా గదిలోనే గడిపాడు. టాంకులో జిగురులా మారిన పాత పెట్రోలు తీసేశాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, ప్లగ్గు మార్చాడు.

వానాకాలంలో ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని వస్తున్నాము. ఇంటి కింద నుంచి ఇంజను చప్పుడు వినబడింది. ఏడేళ్ల తరువాత అన్నగారి బండి గొంతు విప్పిందని ఒక్క క్షణం మనసు పొంగింది. కానీ జల్లు లోపలికి కొడుతున్నదని షట్టరు పూర్తిగా దించి ఉంది. మేము ఎత్తి చూసేసరికి గది నిండా నీలి పొగ. అబ్బాయి గోడకు ఆనుకొని నేల మీద కూర్చుండిపోయాడు. “తల పగిలిపోతోంది చాచా, కాళ్లు లేవడం లేదు” అన్నాడు. ఇంజను ఆపి, ఇద్దరం పట్టుకొని వానలోకే బయటకు తెచ్చాము. ఆ రాత్రి ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టారు. తెల్లవారేసరికి తేరుకున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్. ఇంకొంచెం ఆలస్యమైతే ఈ వ్యాసం రాసే పరిస్థితి ఉండేది కాదు.

పెట్రోలు మండినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కనబడే పొగ పోయిందంటే ఆ వాయువు కూడా పోయిందని అర్థం కాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా దానిని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తరువాత వికారం, కాళ్లలో నిస్సత్తువ, ఆ పైన మగత వస్తాయి. ప్రమాదంలో ఉన్నానన్న తెలివి ఆ మనిషికే ఉండదు. ‘లేచి షట్టరు తీద్దామనుకున్నాను, కాసేపాగి తీద్దామనిపించింది’ అని అబ్బాయి తరువాత చెప్పాడు. సగం ఎత్తిన షట్టరు, తిరిగే ఫ్యాను దీనికి విరుగుడు కావు. బండిని స్టార్టు చేయవలసింది ఆరుబయటనే. ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఉస్తాద్ అడిగిన మూడు ప్రశ్నలు

ఆ మరునాడు గదికి తాళం వేశాము. నెల రోజులు తీయలేదు. వదినగారు ఆ తాళం శాశ్వతంగా అలాగే ఉండాలన్నారు. తల్లి మనసు అది, తప్పు పట్టలేము. అయితే నిషేధించిన పని దొంగచాటుగా సాగుతుందన్నది మదరసాలో మేము నేర్చుకున్న పాఠం. అందుకని ఒకప్పుడు మా రోడ్డు మీద షెడ్డు నడిపి ఇప్పుడు బోరబండ వైపు వెళ్లిపోయిన ఒక వృద్ధ మెకానిక్‌ను వెతికి పిలిపించాము. నలభై ఏళ్లుగా పానా పట్టిన చేతులు ఆయనవి.

ఆయన ఎర్రపెట్టె వైపు చూడనైనా లేదు. గది మధ్యలో నిలబడి మూడు ప్రశ్నలు అడిగారు. “ఇక్కడి గాలి ఎటు పోతుంది? నీళ్లు ఎటు పోతాయి? పైన ఎవరు పడుకుంటారు?” మా దగ్గర జవాబులు లేవు. కార్ఖానా పెట్టాలనుకునే ప్రతి ఇంటివారూ ముందుగా జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నలివే.

గాలి సంగతి సగం పైన చెప్పాము. మిగతా సగం పెట్రోలు ఆవిరి. అది గాలికన్నా బరువైనది కనుక పైకి పోక నేల మీద పరచుకుంటుంది, గుంటల్లో నిలుస్తుంది. అందువల్ల ఇంట్లో బండి కింద పని చేయడానికి గుంత తవ్వించడం మంచిది కాదు. ఆ గదిలో నీళ్ల మోటారు, గ్యాసు గీజరు, పొయ్యి, అగరుబత్తి ఉండకూడదు. స్విచ్చులు, ప్లగ్గులు నడుము ఎత్తుకు పైనే ఉండాలి. పెట్రోలును డబ్బాల్లో నిలవ ఉంచరాదు. భాగాలు కడగడానికి పెట్రోలు వాడే అలవాటు మన కార్ఖానాల్లో ఎక్కువ. ఇంట్లో ఆ అలవాటు వద్దు. సబ్బు నీళ్లు, గ్రీజు పోగొట్టడానికి అమ్మే ద్రావకాలు చాలు. బ్యాటరీకి చార్జింగు పెట్టినప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. కనుక అది కూడా గాలి ఆడే చోటనే జరగాలి.

మంటలార్పే సిలిండరు తప్పక కొనాలి. ఏబీసీ పొడి రకం నాలుగు కిలోలది ఇంటికి సరిపోతుంది. దానిని గది లోపలి మూలలో కాక ద్వారం పక్కన తగిలించాలి. లోపల ఉంటే దానిని అందుకోవడానికి మంట దాటి వెళ్లవలసి వస్తుంది. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీటితో పాటే తేలి పారుతుంది. పక్కన ఒక బకెట్ ఇసుక ఉంచుకోండి. నూనె, పెయింటు తుడిచిన గుడ్డలను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.

ఇక నీళ్లు. మా గది తూము వీధి కాలువలో కలుస్తుంది. ఈ ప్రాంతపు కాలువల నీళ్లు పల్లం వెతుక్కుంటూ చేరేది దుర్గం చెరువుకు. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు అది. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన ప్రారంభమైన తరువాత నగరమంతా సాయంత్రం వేళ అక్కడికి వచ్చి చల్లగాలి పీలుస్తున్నది. వాడేసిన ఇంజను ఆయిల్‌ను తూములో ఒంపితే అది నీటి మీద పలచని పొరగా పరచుకొని గాలి లోపలికి దిగకుండా చేస్తుంది. అందులో లోహాల విషం కూడా ఉంటుంది. దానిని మూత బిగించే డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే సర్వీసు సెంటరుకు అప్పగించాలి. పాత బ్యాటరీని కొత్తది అమ్మినవారికి తిరిగి ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం దానిని చెత్తలో కలపకుండా విడిగా అప్పగించడం వాడేవారి బాధ్యత. కారు రేడియేటరులో పోసే కూలెంటు రుచికి తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకు, పిల్లులకు అందకుండా చూడండి.

మూడవ ప్రశ్న మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. పొరుగువారి హక్కును గురించి దైవప్రవక్త (సఅసం) ఎంతగా తాకీదు చేశారో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు. చట్టం కూడా ఈ హక్కును కొంతవరకు కాపాడుతున్నది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు రాత్రిగా లెక్క. కానీ మాదాపూర్‌లో ఆ లెక్క చాలదు. మా పై అంతస్తులో అద్దెకుండే అమ్మాయి విదేశీ కంపెనీ పని రాత్రంతా చేసి ఉదయం ఏడింటికి పడుకుంటుంది. ఆమెకు మధ్యాహ్నం దాకా రాత్రే. రెండు నెలలుగా ఆదివారం ఉదయాల్లో మేము ఆమె నిద్రలో సుత్తి కొడుతున్నామని ఆ రోజు గాని మాకు తెలియలేదు. అడిగితే, “పెద్దవారు, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నానండి” అన్నది. ఇప్పుడు సుత్తి, గ్రైండరు పని అస్ర్ నమాజు తరువాత మొదలై మగ్రిబ్ అజాన్‌తో ఆగిపోతుంది.

అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఇంకొక మాట. సెల్లారు అందరిదీ. మంజూరైన ప్లానులో పార్కింగుగా చూపిన స్థలం పార్కింగుకే చెందుతుంది. అందులో ఒక మూల బల్ల వేసి, బండి విప్పి నెలల తరబడి పరచడం పదిమంది హక్కును ఒకరు ఆక్రమించడమే. అటువంటివారికి తగిన దారి ఈ వ్యాసం చివరలో చెబుతాము.

మేము అడగవలసిన నాలుగవ ప్రశ్న

ఉస్తాద్ మూడు ప్రశ్నలు అడిగి వెళ్లిన రాత్రి నాలుగవది మాకు తట్టింది. అది మా విద్యకు సంబంధించినదే. ఈ స్కూటరు ఎవరిది?

ప్రతి ఏటా తరగతిలో వారసత్వ వాటాల పాఠం చెబుతాము. మా కాళ్ల కింద గదిలో మా అన్నగారి ఆస్తి ఏడేళ్లుగా పంపకం లేకుండా పడి ఉన్నదన్న సంగతి మాత్రం గుర్తించలేదు. మా తల్లిదండ్రులు అన్నగారికన్నా ముందే కాలం చేశారు. కనుక వదినగారికి ఎనిమిదవ వంతు, మిగిలినదానిలో కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. పాత స్కూటరుకు ఏం విలువ అనుకోవచ్చు. కానీ విలువ తక్కువైనంత మాత్రాన హక్కు తక్కువ కాదు. అబ్బాయి అది తనదేనని అనుకొని విప్పేశాడు. చెల్లెలిని అడగాలని అతనికీ తోచలేదు, మాకూ తోచలేదు.

మరునాడు అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పి, ముందుగా మా పొరపాటును మేము ఒప్పుకున్నాము. వదినగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “బాగుచేస్తే చేయండి, ఎప్పటికీ అమ్మకండి” అన్నారు. డిగ్రీ చదువుతున్న అమ్మాయి, “నా వాటాకు డబ్బు వద్దు చాచా. అన్నయ్యతో పాటు నాకు కూడా పని నేర్పించండి” అన్నది. అలా మా కార్ఖానాకు రెండవ విద్యార్థిని చేరింది.

దీనికి ప్రభుత్వ కాగితాల వైపు కూడా ఒక బాధ్యత ఉన్నది. బండి యజమాని మరణిస్తే వారసులు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లో 31వ నంబరు ఫారంతో బదిలీకి దరఖాస్తు చేయాలి. సొంత వాహనం రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత బండిని పరీక్షించి ఐదేళ్లకొకసారి పొడిగిస్తారు. ఈ రెండు గడువులూ మేము దాటించాము. బండి నడవడమొక్కటే కాదు, రోడ్డెక్కే అర్హత కూడా దానికి తిరిగి రావాలి.

గది, పనిముట్లు

నెల తరువాత తాళం తీసి గదిని మొదటినుంచి సిద్ధం చేశాము. పాత తలుపు చెక్కను నాలుగు ఇనుప కాళ్ల మీద బల్లగా వేసి గోడకు బిగించాము. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు వచ్చే ఎత్తున బల్ల ఉంటే నడుము నొప్పి రాదని ఉస్తాద్ చెప్పారు. బల్ల మూలకు ఒక వైసు బిగించాము. నీడలు పడకుండా రెండు వైపుల నుంచి దీపాలు పెట్టించాము. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగు సరిచూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాము. తడి నేల మీద నిలబడి డ్రిల్లు పట్టినవానికి కరెంటు తగిలితే సరఫరాను రెప్పపాటులో ఆపివేసేది అదే.

పనిముట్లలో కొన్నవి కొద్దే. 8 నుంచి 22 మిల్లీమీటర్ల దాకా రింగు పానాలు, మామూలు పానాలు, ప్లగ్గు విప్పే గొట్టం పానా, మంచి స్క్రూడ్రైవర్లు రెండు, కటింగ్ ప్లేయరు, ఇనుప సుత్తి, రబ్బరు సుత్తి, ఆకురాయి, రంపం, సందులు కొలిచే ఫీలర్ గేజి, టైరు గాలి చూసే గేజి. బోల్టును ఎంత బలంతో బిగించాలో కొలిచి చూపే టార్క్ రెంచి మాత్రం చేయి కాస్త తిరిగాక కొన్నాము. అతిగా బిగించి మర తెంపడం కొత్తవారందరూ చేసే తప్పు. కళ్లద్దాలు, మూసిన బూట్లు లేకుండా పని మొదలుపెట్టకూడదు. డ్రిల్లు, గ్రైండరు వంటి తిరిగే యంత్రాల దగ్గర చేతి తొడుగులు, వదులు కుర్తా చేతులు, ఓణీ కొంగు ప్రమాదం. అమ్మాయి ఓణీ ముడి బిగించి, చేతులు మడిచి గాని గదిలోకి దిగదు.

కొనడానికి నగరంలో చోట్లకు కొదవ లేదు. కొత్త పనిముట్లకు రాణీగంజ్, విడిభాగాలకు పుత్లీబౌలి, పాతవాటికి ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమేరాత్ బజార్ ఉన్నాయి. మా వైసు, ఇనుప సుత్తి ఎర్రగడ్డ సంతలో దొరికినవే. అయితే రెండు హెచ్చరికలు. జాకీ, స్టాండ్లు, కళ్లద్దాలు, మంటలార్పే సిలిండరు వంటి ప్రాణం కాచేవాటిని పాతవి కొనకండి. అలాగే ఎవరైనా విడిభాగాన్ని నమ్మశక్యం కాని ధరకు ఇస్తున్నారంటే అది ఏ బండి నుంచి ఊడివచ్చిందో ఆలోచించండి. దొంగ సొత్తని తెలిసి కొనడం చట్టం ముందు నేరం. అల్లాహ్ ముందు దాని లెక్క వేరే ఉంది.

కారు ఉన్నవారు గుర్తుంచుకోవలసినది ఒకటి ఉంది. జాకీ ఉన్నది బండిని ఎత్తడానికే, మోయడానికి కాదు. చదునైన గచ్చు మీద, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి ఎత్తి, బరువుకు తగిన స్టాండ్ల మీద దించిన తరువాతనే దాని కిందికి వెళ్లాలి. ఇటుకలు, రాళ్లు స్టాండ్లు కావు. అవి ముందు చెప్పకుండా పగులుతాయి.

చేతక్ వంటి పాత స్కూటర్లకు కూడా తమవైన ప్రమాదాలున్నాయి. వాటి చక్రం రెండు సగాలను నట్లతో బిగించి చేసినది. టైరులో గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పితే సగం రిమ్ము ఎగిరి మీద పడుతుంది. పాత బ్రేకు లైనింగుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక దానిని ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఏళ్ల తరబడి కదలని ఇంజనును ఒక్కసారిగా కిక్కు కొట్టకూడదు. ప్లగ్గు రంధ్రంలో కాస్త నూనె వేసి, ఒక రోజు నానబెట్టి, చేత్తో మెల్లగా తిప్పాలి. గాడులు చెరగకపోయినా ఏడేళ్ల టైరు లోలోపల పగిలి ఉంటుంది, మార్చవలసిందే.

విప్పే ప్రతి భాగాన్నీ ముందు ఫోటో తీసి, నోటుపుస్తకంలో రాసి, బోల్టులను పేరు రాసిన డబ్బాల్లో వేయడం ఉస్తాద్ పెట్టిన నియమం. ఆ నోటుపుస్తకాన్ని చూసినప్పుడు మాకు అల్ జజరీ గుర్తుకు వచ్చారు. దియార్‌బకిర్‌లో అర్తుకీ సుల్తానుల కొలువులో పనిచేసిన ఈ ముస్లిం యంత్రకారుడు 1206లో యంత్రాలపై తన గ్రంథం ముగించారు. తరువాతివారు తిరిగి తయారుచేసుకోగలిగేలా కొలతలు, బొమ్మలతో సహా తయారీ పద్ధతులను రాసి ఉంచారు. గుండ్రటి తిరుగుడును ముందువెనుకల కదలికగా మార్చే క్రాంకును ఆయన నీళ్లు తోడే యంత్రంలో వాడారు. ఇప్పుడు మన బండి ఇంజనులో పిస్టను కదలికను చక్రం తిరుగుడుగా మార్చేది కూడా క్రాంకే. చేసిన పనిని రాసి ఉంచడం మనకు పరాయి విద్య కాదు.

హద్దులు

ఇంట్లో చేసుకోదగిన పనులు చాలానే ఉన్నాయి. ఆయిల్ మార్చడం, ప్లగ్గు, గాలి ఫిల్టరు శుభ్రం చేయడం, చైనుకు నూనె పెట్టడం, కేబుళ్లు మార్చడం, పంక్చరు అతకడం, బల్బులు మార్చడం. బ్రేకు, స్టీరింగు పనులను ఉస్తాద్ పక్కన నిలబడి నేర్చుకున్నాక, ఆయన సరిచూశాక గాని బండిని రోడ్డు ఎక్కించకండి. పెట్రోలు టాంకు దగ్గర వెల్డింగు, గ్యాసు కిట్లు, కారు ఎయిర్‌బ్యాగులు, ఎలక్ట్రిక్ బండి లిథియం బ్యాటరీని విప్పడం, ఈ నాలుగూ ఇంటి పనులు కావు.

బండి రూపం మార్చాలన్న కోరిక యువకుల్లో ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషనులోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పులకు ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. సైలెన్సరు తీసేసి రాత్రివేళ ఐటీ రోడ్ల మీద గర్జించే బండ్ల చప్పుడు మనందరికీ తెలిసినదే. ఆసుపత్రిలో ఉన్న రోగికి, ఊయలలోని పసిబిడ్డకు ఆ చప్పుడు ఏమిటో ఒకసారి మన బిడ్డలకు చెప్పాలి.

మరి కొత్తది తయారు చేయాలన్న తపన ఉన్నవారు ఏం చేయాలి? మన నగరంలోనే బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది. కన్యబోయిన సుధాకర్ అనే ఆయన బడి వయసులోనే పాత ఇనుముతో బండ్లు చేయడం మొదలుపెట్టి, క్రికెట్ బంతి, వంకాయ, కెమెరా, కప్పు సాసరు ఆకారాల్లో నడిచే కార్లు చేశారు. 2005 జూలై 1న ఆయన నడిపిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు ట్రైసైకిల్ గిన్నిస్ రికార్డుకెక్కింది. 2010లో మ్యూజియం తెరిచారు. సెలవు రోజున పిల్లలను తీసుకువెళ్లి చూపించండి. ఆటబొమ్మకూ యంత్రానికీ మధ్య దూరం ఎంత చిన్నదో వాళ్లకు అర్థమవుతుంది.

ఇంట్లో స్థలం లేనివారికి ముందు చెబుతామన్న దారి ఇది. మాదాపూర్‌కు ఆనుకొని రాయదుర్గంలో రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పిన టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చి 2న ప్రారంభమైన ఈ కేంద్రం 78,000 చదరపు అడుగుల విస్తీర్ణంలో ఉంది. లేజరుతో లోహం కోసే యంత్రాలు, త్రీడీ ప్రింటర్లు, వెల్డింగు వసతి, వాటిని ఎరిగిన నిపుణులు అక్కడ ఉన్నారు. నమూనా తయారుచేయాలన్న ఆలోచన ఉన్నవారు రుసుము చెల్లించి ఆ వసతులను ఉపయోగించుకోవచ్చు. లక్షలు పోసి యంత్రాలు కొని సెల్లారులో కుక్కవలసిన పని లేదు.

చేతులు కడుక్కొని

ఇంటివారు అడిగే ఒక సందేహం. గ్రీజు చేతులతో వుజూ అవుతుందా? చర్మం మీద రంగు మరక మాత్రమే మిగిలితే ఇబ్బంది లేదు. నీరు చర్మాన్ని తాకకుండా అడ్డుపడే పొర ఉంటే దానిని తొలగించాలి. గోళ్ల మీద గట్టిపడిన పెయింటు, ఎంసీల్ అటువంటివే. అందుకని పెట్రోలుతో చేతులు కడగకండి, అది చర్మాన్ని పాడుచేస్తుంది, నిప్పుకు దగ్గరైతే మరీ ప్రమాదం. కాస్త వంటనూనె రుద్ది, రంపపు పొట్టుతో తుడిచి, సబ్బు పెడితే పోతుంది. పని బట్టలు గదిలోనే విడిచి రావాలి. ఆయిల్ వాసనతో మస్జిదులో పక్కవారిని ఇబ్బంది పెట్టడం కూడా హక్కును మరచిపోవడమే.

తాళం ఇప్పుడు వదినగారి దగ్గర ఉంటుంది. ఇద్దరు ఉంటేనే ఆమె తాళం ఇస్తారు. ఒంటరిగా ఎవరూ పని చేయకూడదన్నది ఆమె పెట్టిన నియమం, ఉస్తాద్ దానిని మెచ్చుకున్నారు.

కిందటి నెల ఒక సాయంత్రం స్కూటరును తోసుకొని వీధిలో వేపచెట్టు కిందికి తీసుకువెళ్లారు. ఈసారి ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డారు. పై అంతస్తు అమ్మాయి కూడా మెట్లు దిగి వచ్చింది. చెల్లెలు కిక్కు కొట్టింది. నాలుగవసారికి అందుకున్నది. ఉస్తాద్ చేయెత్తి అందరినీ మాట్లాడవద్దని, చెవి వంచి కాసేపు విని, కార్బురేటర్ మర పావు చుట్టు తిప్పించారు. చప్పుడు నెమ్మదించింది. వదినగారు గేటు దగ్గరే నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. అబ్బాయి ఉస్తాద్ చేతిలో కవరు పెట్టబోతే ఆయన వద్దన్నారు. మేము పట్టుబట్టి ఇప్పించాము. పనివాని కూలిని ఆయన మొహమాటానికి వదిలేయకూడదు.

కాగితాల పని ఇంకా మిగిలి ఉన్నది. అది పూర్తయ్యేదాకా బండి రోడ్డెక్కదు. మీ ఇంటి కింద కూడా ఇటువంటి గది ఒకటి, ఉత్సాహపడే బిడ్డ ఒకరు ఉంటే వద్దనకండి. పనిముట్లు కొనేముందు ఆ బిడ్డతో కలిసి ఖాళీ గదిలో నిలబడి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. గాలి ఎటు పోతుంది? నీళ్లు ఎటు పోతాయి? పైన ఎవరు పడుకుంటారు? ఈ బండి ఎవరిది? జవాబులు దొరికాక షట్టరు పూర్తిగా ఎత్తి, ఒక మంచి ఉస్తాద్‌ను వెతకండి. ఇన్షా అల్లాహ్, పని దానంతటదే సాగుతుంది.